జబ్బకు షుగర్ సెన్సర్: చేయవలసినవి - చేయకూడనివి

షుగర్ ఉన్నవాళ్ళ జబ్బ వెనక నాణెంలాంటి తెల్ల సెన్సర్ ఇప్పుడు పెళ్ళి పందిళ్ళలో కూడా కనిపిస్తోంది. దాని అడుగున ఉండే సన్నని తీగ సుమారు 5 మిల్లీమీటర్లు చర్మంలోకి దిగి ఉంటుంది. తీగ మీది ఎంజైము గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే కొద్దిపాటి కరెంటును సెన్సర్ లెక్కిస్తుంది. ఫోను దగ్గర పెట్టి చదివే రకం 13.56 మెగాహెర్ట్జ్ మీద, బ్లూటూత్ రకం 2.4 గిగాహెర్ట్జ్ మీద ఆ అంకెను బయటికి పంపుతాయి. అంటే షుగర్ కొలిచేది తీగ. రేడియో తరంగాలది కబురు మోసే పని మాత్రమే. ఈ సంగతి తెలిస్తే లేనిపోని భయాలు పోతాయి, మోసాలూ తెలిసిపోతాయి.

ముందు భయం సంగతి. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ నడిచేదీ 2.45 గిగాహెర్ట్జ్ మీదే కదా, చేతికేమీ కాదా అని అడుగుతుంటారు. ఓవెన్‌ది వందల వాట్ల శక్తి, సెన్సర్‌ది వాట్‌లో వెయ్యో వంతుల లెక్క. కాకపోతే నడుస్తున్న ఓవెన్ పక్కన బ్లూటూత్ కాసేపు తెగవచ్చు. నాలుగడుగులు పక్కకు జరిగితే సరి.

చేయవలసినవి

అంటించే చోటును మామూలు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నూనె జిడ్డు ఉంటే పట్టు నిలవదు. తలంటు ఉన్న రోజున స్నానమయ్యాకే పెట్టుకోండి. బిగుతు జాకెట్టు చేతుల అంచు తగలని చోటు ఎంచుకోవాలి. బట్టలు మార్చుకునేటప్పుడు సెన్సర్ ఊడిపోవచ్చు.

మొదటి రోజు అంకెలను పూర్తిగా నమ్మకండి. ఆ తరువాత కూడా ఒంట్లో తెలుస్తున్నదానికీ తెర మీద కనిపిస్తున్నదానికీ పొంతన లేకపోతే వేలు గుచ్చి గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. గుచ్చే ముందు చేతులు కడుక్కోండి. మామిడిపండు తిన్న వేలితో పరీక్షిస్తే మీటరూ తప్పు చెబుతుంది.

సెన్సర్ చూసేది నెత్తురును కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. నెత్తురులో మార్పు అక్కడికి చేరడానికి సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అంకె ఒక్కటే చూసి ఊరుకోక పక్కనున్న బాణం గుర్తు కూడా చూడండి. 90 ఉండి బాణం నిటారుగా కిందికి ఉంటే జాగ్రత్త పడాల్సిందే. 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలయ్యాక వేలు గుచ్చి చూడండి. ఆలోపు తెర మీద అంకె పెరగలేదని ఇంట్లోవాళ్ళు కంగారుపడి లడ్డూ మీద లడ్డూ తినిపిస్తారు. గంటలో షుగర్ 300 దాటినా ఆశ్చర్యం లేదు.

రాత్రిపూట వచ్చే తప్పుడు అలారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. సెన్సర్ ఉన్న చేతి మీదికి ఒత్తిగిలి పడుకుంటే, తీగ చుట్టూ ద్రవం నలిగి అక్కడ గ్లూకోజు తగ్గినట్టు కనిపిస్తుంది. తెల్లవారుజామున 3 గంటలకు ఫోను 58 చూపించి మోగుతుంది. మనిషికి చెమటా ఉండదు, వణుకూ ఉండదు. ముందు చేతి మీది బరువు తీసి, వేలు గుచ్చి చూడండి. పక్కకు తిరిగిన కాసేపటికి అంకె తనంతట తనే పైకి వస్తే అది ఒత్తిడి వల్ల వచ్చిన అంకె. అలాగని అలారం కట్టేయకండి, ఇంకోసారి అది నిజమే కావచ్చు. మీటరు దొరకకపోతే, నిజమేనన్నట్టు చక్కెర తీసుకోవడమే క్షేమం.

చేయకూడనివి

గుచ్చకుండా, తీగ లేకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు చూసి ఇన్సులిన్ వేసుకోకండి. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే హెచ్చరిక చేసింది: సొంతంగా గ్లూకోజు కొలిచే ఇలాంటి వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని. మైక్రోవేవ్‌లతో కొలవాలన్న పరిశోధన మాత్రం నిజమైనదే. గ్లూకోజు మారితే నెత్తురు విద్యుత్ స్వభావం కొద్దిగా మారుతుంది, దాన్ని చిన్న యాంటెనాతో పట్టుకోవాలని ప్రయత్నం. చిక్కేమిటంటే చెమట, చర్మం వేడి, పట్టీ బిగుతు అంతకంటే ఎక్కువ తేడా తెస్తాయి. ప్రయోగశాలలో గాజు గొట్టంలోని ద్రావణానికి చెమట పట్టదు కదా!

మందుల సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచకండి. కొన్ని సెన్సర్లలో రోజుకు 500 మిల్లీగ్రాములకు మించి విటమిన్ సి వేసుకుంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చప్పరించే బిళ్ళ ఒక్కొక్కటీ సాధారణంగా 500 ఉంటుంది, రెండు వేసుకుంటే దాటినట్టే. సికిల్ సెల్ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా కూడా కొన్ని సెన్సర్లను తప్పుదారి పట్టిస్తుంది.

స్పృహ తప్పిన మనిషి నోట్లో చక్కెర నీళ్ళు పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

వాడేసిన సెన్సర్‌నూ, దాన్ని అంటించే సూది ఉన్న అప్లికేటర్‌నూ వంటింటి చెత్తలో వేయకండి. గట్టి డబ్బాలో మూతపెట్టి ఆసుపత్రిలో ఇవ్వండి. లోపల బ్యాటరీ ఉంటుంది కనుక మంటలో అసలు వేయకూడదు.

ఫిజియోథెరపీలో మోకాలికో నడుముకో ‘కరెంటు పెట్టించుకునే’ ముందు సెన్సర్ ఉందని చెప్పకుండా ఉండకండి. షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రం 27.12 మెగాహెర్ట్జ్ మీద కండను లోపలినుంచి వేడెక్కిస్తుంది. దానికీ, ఎంఆర్‌ఐకీ ముందు సెన్సర్ తీసేయమనే చాలా కంపెనీల కరపత్రాలు చెబుతాయి. కొత్త రకాల్లో కొన్నిటికి నియమం వేరు, మీ పెట్టెలోనిది చదవండి. తీసిన సెన్సర్ మళ్ళీ అంటదు. ఒక్కోటి వేల రూపాయలు గనుక, స్కానింగ్ తేదీ ముందే తెలిస్తే కొత్తది ఆ మర్నాడు పెట్టుకోండి. మధ్య రోజులకు గ్లూకోమీటర్ స్ట్రిప్పులు సరిపడా ఉన్నాయో లేదో చూసుకోండి.