మోటార్‌వే మీద రోజూ తిరిగే కారు: కొనేముందే అవసరాన్ని రాసి పంపండి

బ్రిటన్‌లో ఉద్యోగానికి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి మొదటి ఏడాది ముగిసేలోగా కారు బెంగ పట్టుకుంటుంది. ఇండియా లైసెన్సుతో ఇక్కడ కాపురం పెట్టిన నాటి నుంచి 12 నెలలు మాత్రమే బండి నడపవచ్చు. ఆ లైసెన్సు చూపించి ఇక్కడిది తీసుకునే వీలు లేదు. థియరీ, రోడ్డు పరీక్షలు రెండూ మళ్ళీ పాసవ్వాలి. త్వరగా గట్టెక్కాలని చాలామంది ఆటోమేటిక్ కారులో పరీక్షకు వెళతారు. అలా పాసైనవారు మాన్యువల్ గేర్ల కారు నడపకూడదు. దాంతో కొనే కారు కూడా ఆటోమేటిక్కే కావాలి. పైగా దూరమూ ఎక్కువే: ఇల్లు మిల్టన్ కీన్స్‌లో, ఆఫీసు బర్మింగ్‌హామ్‌లో. ఇల్లు రెడింగ్‌లో, ఆసుపత్రి డ్యూటీ బ్రిస్టల్‌లో. రానూపోనూ రోజుకు వంద మైళ్ళు దాటే ఇలాంటి ప్రయాణాలకు వాడిన డీజిల్ కారు కొనాలనుకోవడం తెలివైన ఆలోచనే. అయితే ఆ బేరంలో చట్టం మీకు ఎంత అండగా ఉంటుందన్నది, డబ్బు కట్టేముందు మీరు డీలరుకు ఏం చెప్పారన్నదాని మీద చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ వినియోగదారుకు కొండంత అండ 2015 నాటి వినియోగదారు హక్కుల చట్టం. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. వ్యాపారి అమ్మిన వస్తువు తగినంత నాణ్యతతో ఉండాలి, చెప్పిన వివరాలకు సరిపోవాలి. ఈ రెండు షరతులూ చాలామందికి తెలుసు. మూడోది 10వ సెక్షన్‌లో ఉంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. ఫలానా పని కోసం కొంటున్నానని కొనేముందు మీరు వ్యాపారికి తెలియజేస్తే, వస్తువు ఆ పనికి పనికివచ్చేదై ఉండాలి. డీలరు నైపుణ్యం మీద మీరు ఆధారపడలేదని, లేదా ఆధారపడటం సమంజసం కాదని తేలితే తప్ప అతను ఈ బాధ్యత తప్పించుకోలేడు.

అందుకే కారు చూడటానికి వెళ్ళేముందే ఒక ఈమెయిల్ పంపమంటాను. "నేను వారానికి ఐదు రోజులు, రోజుకు వంద మైళ్ళకు పైగా, ఎక్కువ భాగం మోటార్‌వే మీద వెళ్ళివస్తాను. నాకు ఆటోమేటిక్ లైసెన్సు మాత్రమే ఉంది. ఈ కారు ఆ వాడకానికి సరిపోతుందా? గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) తీయకుండా అలాగే ఉందా? ఇంకా తీరని ఫైనాన్స్ ఏమైనా ఉందా?" ఇంతే చాలు. బదులుగా వచ్చే ప్రతి మాటా రేపు మీ చేతిలో సాక్ష్యం. డీలరు బదులివ్వడానికి నీళ్ళు నములుతున్నాడంటే, అడ్వాన్సు కట్టకముందే మీకు ఒక సంగతి తెలిసిపోయినట్టు.

వాడిన కారు విషయంలో కోర్టులు ఎలా ఆలోచిస్తాయో చూపే రెండు పాత తీర్పులున్నాయి. రెండూ జాగ్వార్ కార్ల మీదే. రెండింటిలోనూ ఇంగ్లండ్ అప్పీలు కోర్టులో తీర్పు చెప్పినవారిలో లార్డ్ డెన్నింగ్ ఉన్నారు. 1965 నాటి బార్ట్‌లెట్ కేసులో డీలరు క్లచ్‌లో కొంత లోపం ఉందని ముందే చెప్పాడు. ఆ మేరకు తక్కువ ధరకు కొనుగోలుదారు ఒప్పుకుని కారు తీసుకెళ్ళాడు. తీరా చూస్తే రిపేరుకు అనుకున్నదానికంటే ఎక్కువైంది. కేసు వేస్తే ఓడిపోయాడు. లోపం తెలిసి కొన్నాడు, పైగా వాడిన కారన్నాక ఎప్పుడో ఒకప్పుడు రిపేరు రావచ్చని ఎదురుచూడాల్సిందే అన్నది కోర్టు మాట. రెండోది క్రౌథర్ కేసు. 1972లో ఒకాయన ఎనిమిదేళ్ళ జాగ్వార్ కొన్నాడు. అప్పటికే అది 82 వేల మైళ్ళు తిరిగింది. మరో 2,300 మైళ్ళ పైచిలుకు నడిచాక, మూడు వారాల్లో ఇంజను బిగుసుకుపోయింది. అమ్మేనాటికే ఇంజను చివరి దశలో ఉందని పాత యజమాని సాక్ష్యం చెప్పాడు. ఈసారి కొనుగోలుదారు గెలిచాడు. వాడిన కారే అయినా, కొంతకాలమైనా రోడ్డు మీద తిరగగలిగి ఉండాలని కోర్టు తేల్చింది.

చట్టం ఆ తర్వాత మారింది కానీ ఈ రెండు కేసుల తర్కం నేటికీ పనికొస్తుంది. ధర, వయసు, తిరిగిన మైళ్ళు కలిపి చూసినప్పుడు, మామూలు మనిషి ఆ కారు నుంచి ఏం ఆశిస్తాడన్నదే కొలత. లక్ష మైళ్ళు తిరిగిన కారుకు ఆర్నెల్లలో బ్రేకు ప్యాడ్లు అరిగితే అది అరుగుదల, డీలరు ఖాతాలోకి రాదు. అదే కారు గేర్‌బాక్స్ మూడో వారంలో మోటార్‌వే మధ్యలో గేరు వదిలేస్తే అది వేరే కథ. "క్లచ్ కొంచెం చూసుకోండి" అని ముందే చెప్పి ధర తగ్గిస్తే మాత్రం బార్ట్‌లెట్‌ను గుర్తుపెట్టుకోండి. ఆ తగ్గింపు నిజమైన రిపేరు ఖర్చుకు సరిపోతుందో లేదో ఒక గ్యారేజీని అడిగాకే ఒప్పుకోండి.

పైన చెప్పిన హక్కులన్నీ వ్యాపారి నుంచి కొన్నప్పుడే. పక్కింటాయన దగ్గర కొంటే కారు ఆయనదై ఉండాలి, చెప్పిన వివరాలు నిజం కావాలి, అంతే. నాణ్యత సంగతి మీరే చూసుకోవాలి. మనిషి స్వయంగా వెళ్ళి పాల్గొనగలిగే వేలంపాటలో వాడిన కారు కొంటే నాణ్యత హక్కులు చాలా వరకు ఉండవు. ప్రైవేటు అమ్మకందారు ముసుగులో కార్ల వ్యాపారం చేసేవారూ ఉన్నారు. అదే ఫోన్ నంబరుతో మరో నాలుగు కార్ల ప్రకటనలు కనిపిస్తే అనుమానించండి, ఆ ప్రకటనలను ఫోటో తీసి దాచండి. ముసుగు తొలగితే అతనికీ వ్యాపారి బాధ్యతలే వర్తిస్తాయి.

మన ఐటీ కాంట్రాక్టర్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పన్ను కలిసివస్తుందని కారును సొంత లిమిటెడ్ కంపెనీ పేరు మీద కొంటే, మీరు వినియోగదారు కారు, మీ కంపెనీ కొనుగోలుదారు అవుతుంది. 2015 చట్టం ఇచ్చే, కింద వివరించిన 30 రోజుల హక్కు, ఆరు నెలల హక్కు రెండూ పోతాయి. మిగిలేది 1979 నాటి వస్తు విక్రయ చట్టం, అందులో రక్షణ పలచన. టాక్సీ నడపడానికి కొన్నా ఇదే పరిస్థితి. ఉద్యోగి ఆఫీసుకు వెళ్ళిరావడానికి సొంత పేరు మీద కొంటే మాత్రం పూర్తిగా వినియోగదారే.

ఇక డీజిల్ సంగతి. పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను ఇక్కడ డీపీఎఫ్ అంటారు. కారు నిలకడగా వేగంతో కొంతసేపు నడిస్తే ఫిల్టర్ వేడెక్కి మసి కాలిపోతుంది. ఊళ్ళో ఆగుతూ సాగుతూ తిరిగే కార్లలో అది మూసుకుపోతుంది. మోటార్‌వే ప్రయాణికులకు డీజిల్ నప్పడానికి ఇదొక ముఖ్య కారణం, కేసు వచ్చినా ఇది మీకు అనుకూలమే. ఫిల్టర్ మూసుకుపోతే డీలర్లు మొదట అనే మాట, మీ వాడకం వల్లే అయింది అని. మీ ఆఫీసు ఎక్కడుందో, రోజూ ఏ దారిన వెళ్ళారో చూపగలిగితే ఆ వాదన నిలబడటం కష్టం. కొనేముందు పాత యజమాని ఏడాదికి ఎన్ని మైళ్ళు తిప్పాడో చూడండి. ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే ప్రతి ఎంఓటీ (కారు భద్రతా తనిఖీ) పరీక్షనాటి మైలేజీ, ఫెయిలైతే కారణాలు ఉచితంగా కనిపిస్తాయి. ఏడాదికి మూడు వేల మైళ్ళే తిరిగిన డీజిల్ కారును "తక్కువ తిరిగింది" అని గొప్పగా చూపిస్తే నేనైతే వెనకడుగు వేస్తాను. మీటరు అంకెలు మధ్యలో తగ్గితే ఆ కారు జోలికే వెళ్ళకండి.

కొందరు ఖర్చు భయంతో ఫిల్టర్‌ను ఏకంగా పీకించేస్తారు. డీపీఎఫ్‌తో తయారైన కారుకు అది లేకపోతే 2014 ఫిబ్రవరి నుంచి ఎంఓటీ ఫెయిల్. అలాంటి కారు రోడ్డు మీద నడిపితే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. అది పడేది నడిపే మీ మీదే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విషయంలో సర్వీసు పుస్తకమే అసలు సాక్షి. ఫోక్స్‌వాగన్, స్కోడాల్లో వచ్చే 6 స్పీడ్ తడి క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్సుకు 40,000 మైళ్ళకోసారి ఆయిల్ మార్చాలి. బీఎండబ్ల్యూ వంటి కార్లకు 8 స్పీడ్ గేర్‌బాక్సులు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీ 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. "జీవితాంతం ఆయిల్ అక్కర్లేదు" అన్న డీలరు మాట మీద భరోసా పెట్టుకోకండి. బిల్లు అడగండి. "ఫుల్ సర్వీస్ హిస్టరీ" అని ప్రకటనలో రాసి, తీరా గేర్‌బాక్స్ సర్వీసు బిల్లు లేకపోతే, అది వివరాలకు సరిపోని అమ్మకమని వాదించే వీలుంది. ప్రకటన తీసేసేలోపే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఆఫీసు ఉన్న ఊరికి కాలుష్య రుసుము ఉందేమో కూడా చూడాలి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నీ యూలెజ్ అనే కాలుష్య రుసుము పరిధిలోకి వచ్చాయి. యూరో 6 ప్రమాణం లేని డీజిల్ కారు వాడిన ప్రతి రోజుకూ 12.50 పౌండ్లు. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున 8, బ్రిస్టల్‌లో 9. 2015 సెప్టెంబరు తర్వాత రిజిస్టరైన కొత్త డీజిల్ కార్లు సాధారణంగా యూరో 6వే. అయినా బండి నంబరుతో సరిచూసుకోండి.

లోపం బయటపడిందనుకుందాం. కారు చేతికొచ్చిన నాటి నుంచి 30 రోజుల్లోపు అయితే కారు తిప్పి ఇచ్చేసి మొత్తం డబ్బు వెనక్కి అడగవచ్చు. ఈ గడువులో లోపం ముందే ఉందని చూపించాల్సింది మీరే. కాబట్టి ఏఏ, ఆర్ఏసీ వంటి సంస్థల దగ్గర గానీ, సంబంధం లేని మరో గ్యారేజీలో గానీ పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. "ఒకసారి చూస్తాం, తీసుకురండి" అని డీలరు అంటే రిపేరు అడుగుతున్నట్టు రాతలో తెలపండి. రిపేరు జరిగే రోజులు ఆ 30లో లెక్కకు రావు. గడువు దాటితే డీలరుకు ఒక్కసారి రిపేరు అవకాశం ఇవ్వాలి. అది ఫలించకపోతే కారు తిప్పి ఇవ్వవచ్చు, లేదా ధర తగ్గించమనవచ్చు. ఈ రెండో దశలో ఆరు నెలల్లోపు బయటపడిన లోపం మొదటి నుంచే ఉందని చట్టం భావిస్తుంది. కాదని చూపాల్సింది డీలరే.

మోటార్‌వే ప్రయాణికులకు ఇక్కడ ఒక నష్టం పొంచి ఉంది. 30 రోజుల్లో తిప్పి ఇస్తే వాడకం కింద ఏమీ కోయకూడదు. రిపేరు విఫలమయ్యాక తిప్పి ఇస్తే, మిగతా వస్తువులకు లేని మినహాయింపు కార్లకు ఉంది. ఆరు నెలల్లోపు కూడా వాడినంతకు డబ్బు కోసుకోవచ్చు. వారానికి ఐదు వందల మైళ్ళు తిరిగేవారికి ఆ కోత పెద్దదే. తొలి వారాల్లో గేరు మారేటప్పుడు కుదుపు తెలిసినా, డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగినా, సెలవు దొరికాక చూద్దాంలే అనుకోకండి. ఆ రోజే ఈమెయిల్ పెట్టండి.

అప్పుడు వినిపించే సాకులు రెండు. "మూడు నెలల వారంటీ అయిపోయింది" అన్నది మొదటిది. వారంటీ అదనపు సౌకర్యం మాత్రమే. అది ముగిసినా చట్టం ఇచ్చిన హక్కు ముగియదు. వారంటీ కంపెనీకి ఫోన్ చేయమన్నా, నేను కొన్నది మీ దగ్గరే అని చెప్పండి. రెండోది "ఉన్నదున్నట్టు అమ్మాం, రసీదు మీద రాశాం". వినియోగదారుకు అమ్మే వ్యాపారి అలా రాసి బాధ్యత దులుపుకోవడం చెల్లదని 31వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది.

డబ్బు కట్టే తీరులో కూడా రక్షణ ఉంది. కారు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, అందులో కొంత భాగమైనా క్రెడిట్ కార్డుతో నేరుగా డీలరుకు కట్టండి. 1974 నాటి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షన్ కింద మొత్తం కారుకు కార్డు కంపెనీ కూడా డీలరుతో సమానంగా బాధ్యత వహించాలి. డీలరు దుకాణం మూసేసినా మీకు దారి ఉంటుంది. డెబిట్ కార్డుకు ఈ రక్షణ లేదు. హైర్ పర్చేజ్ మీద కొంటే చట్టం దృష్టిలో మీకు కారు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీయే. ఫిర్యాదు వాళ్ళకే చేయాలి. తేలకపోతే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సేవ ఉచితం. నేరుగా డీలరు మీదే వెళ్ళాల్సి వస్తే, చివరి హెచ్చరిక లేఖ పంపాక ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల వరకు స్మాల్ క్లెయిమ్స్‌లో లాయరు లేకుండానే దావా వేయవచ్చు. గడువు ఆరేళ్ళు. స్కాట్లాండ్‌లో ఐదేళ్ళు, అక్కడి సింపుల్ ప్రొసీజర్ పరిమితి 5,000.

కారు ఇంటికి తెచ్చే రోజున చూసుకోవాల్సినవి రెండు. పాత యజమాని కట్టిన రోడ్డు ట్యాక్సు 2014 అక్టోబరు నుంచి కొత్తవారికి బదిలీ కాదు, బండి కదిలించేముందే మీరు కట్టాలి. ఇన్సూరెన్సు ఫారంలో వాడకం దగ్గర సొంత పనులు, షికార్లు అన్నది మాత్రమే ఎంచుకుంటే ఆఫీసు ప్రయాణానికి బీమా ఉండదు. కమ్యూటింగ్ అని విడిగా ఎంచుకోవాలి. వేర్వేరు ఆఫీసులకు వెళ్ళేవారు బిజినెస్ వాడకం కూడా అడగాలి. బీమా లేకుండా నడుపుతూ దొరికితే అక్కడికక్కడ పడేది 300 పౌండ్లు, 6 పాయింట్లు. ఇక్కడ పరీక్ష పాసై రెండేళ్ళు నిండనివారికి 6 పాయింట్లు పడితే లైసెన్సు రద్దవుతుంది. మళ్ళీ ప్రొవిజనల్ లైసెన్సుతో, రెండు పరీక్షలతో మొదలుపెట్టాలి. ఇండియాలో ఇరవై ఏళ్ళు నడిపిన అనుభవం ఈ లెక్కలోకి రాదు. అందుకే పాలసీ కాగితం రాగానే వాడకం అన్న గడి తెరిచి చదవండి. అక్కడ కమ్యూటింగ్ అన్న మాట లేకపోతే తాళంచెవి పక్కన పెట్టి ముందు ఇన్సూరెన్సు వాళ్ళకు ఫోన్ చేయండి.