ప్రసూతి వేదన - దేహము, మనస్సు

ప్రసవవేదన అనివార్యమని లోకం చిరకాలం నమ్మింది. 1847లో ఎడిన్‌బరోలో డాక్టర్ సింప్సన్ ప్రసూతికి క్లోరోఫారం ప్రయోగించాడు. ఆ మందు ఎంతవరకు నిరపాయకరమన్న ప్రశ్నను 1888, 1889లలో మన నగరంలోనే, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో, డాక్టర్ లారీ చొరవతో ఏర్పడిన కమిషన్లు పరిశోధించాయి. ఇక్కడి వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫారం ఇవ్వడంలో నిపుణురాలై, తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా ప్రసిద్ధి కెక్కారు.

దేహబాధకు మందు దొరికింది, మనోవేదన మాటేమిటి? కాన్పయిన తొలిదినాల కన్నీరు సహజం. రెండు వారాలు దాటినా దిగులు వీడకపోతే అది వ్యాధి కావచ్చు, చికిత్సకు లొంగుతుంది. దానిని గుర్తించే పది ప్రశ్నల పట్టిక 1987లో ఎడిన్‌బరో పేరుతోనే వెలువడింది. గాలి సోకిందని ఉపేక్షించక వైద్యులకు చూపించాలి. చిల్లా నలభై దినాలూ బాలింతకు పథ్యం అమర్చే మన ఇళ్ళలో, “నీ మనసెలా ఉందమ్మా?” అని అడిగేవారూ ఉండాలి.