దుప్పటి కొలిచి చూడమ్మా

తెనాలి

అమ్మాయీ,

"ఇద్దరం సంపాదిస్తున్నాం మామయ్యా, అయినా ఇరవయ్యో తారీఖు దాటేసరికి చేతిలో ఏమీ ఉండట్లేదు" అన్నావు మొన్న. ఫోన్లో చెప్పిన లెక్కలు ఫోన్ పెట్టేయగానే మర్చిపోతారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమని అందరూ చెబుతారు. ఆ దుప్పటి ఎంత పొడవుందో కొలిచి చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఉద్యోగమంతా తూనికలు, కొలతల శాఖలో చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన విద్య అదొక్కటే. కడుపు మాడ్చుకోమని, సినిమాలు మానుకోమని నీకు చెప్పను. ఇంట్లోకి వచ్చే ప్రతి సరుకుకీ ఒక కొలత ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకోమంటాను.

ముందు కరెంటు సంగతి. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఇది బళ్లో చదువుకున్నదే. బిల్లు వేసే పద్ధతి మాత్రం ఎవరూ చెప్పరు. మీ తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్లు చూడు. నెలకి 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు ఒక్కోటి రూ.1.95, తర్వాతి 50 రూ.3.10. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకి రూ.3.40, రెండో వందకి రూ.4.80. 200 దాటిందా, మొదటి 200 యూనిట్లూ రూ.5.10 లెక్కలోకి వెళ్లిపోతాయి, ఆ పైన 300 దాకా రూ.7.70.

ఇప్పుడు కాగితం తీసి లెక్క వెయ్యి. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే 340, 480 కలిపి రూ.820. 201 కాలిస్తే 1,020కి 7.70 కలిపి రూ.1,027.70. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు ఇవి కాక. అంటే ఆ ఒక్క యూనిట్ నీకు రెండు వందల ఏడు రూపాయల పైన పడింది! మా ఆంధ్రలో 2022 నుంచి అందరికీ ఒకే మెట్లు. మెట్టు దాటితే దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది, కింది యూనిట్ల రేటు మారదు. మీ దగ్గర అలా కాదు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం కాబట్టి వాళ్లకి ఆ 200 గీత ఇంకా ముఖ్యం. మీకు ఆ కార్డు లేదు, అయినా గీత గీతే.

కాబట్టి చెయ్యాల్సింది ఒకటే. బిల్లు వచ్చిన రోజున మీటర్ రీడింగ్ క్యాలెండర్ మీద రాసుకో. పదిహేనో రోజున మళ్లీ చూడు. అప్పటికే 110 దాటి ఉంటే ఈ నెల గీత దాటుతున్నావని అర్థం. ఇస్త్రీ, వాషింగ్ మెషీన్ లాంటివి కొన్ని బిల్లు రీడింగ్ తీసిన తర్వాతి రోజులకి వాయిదా వెయ్యి. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఏటా ఏప్రిల్‌లో కొత్తవి ఏమిటో కనుక్కో.

యూనిట్లు ఎక్కడ తగ్గుతాయంటావా? పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 34 యూనిట్లు. బీఎల్‌డీసీ అనే కొత్తరకం ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది, నెలకి 14 యూనిట్లు చాలు. రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకి 40 యూనిట్లు మిగులుతాయి. అద్దె ఇల్లు కదా, మనకెందుకని అల్లుడు అంటాడు. ఇల్లు మారేటప్పుడు మన ఫ్యాన్లు విప్పి పట్టుకెళ్లి, ఓనరు ఫ్యాన్లు మళ్లీ బిగించి రావచ్చు. గీజర్ 2,000 వాట్లు, అరగంటకో యూనిట్. స్విచ్ వేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఊరికే కరెంటు వృథా. ఏసీ 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాను కూడా వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని, కరెంటు పొదుపు చూసే ప్రభుత్వ సంస్థ బీఈఈ లెక్క. ఏసీ, ఫ్రిజ్ కొనేటప్పుడు స్టిక్కర్ మీది నక్షత్రాల దగ్గరే ఆగిపోకు. ఆ స్టిక్కర్ మీదే ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది. రెండు వస్తువులకి తేడా తెలిసేది ఆ అంకెలోనే.

ఇక వంటింట్లోకి వద్దాం. ఇళ్లకి వచ్చే ఎర్ర సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు ఉండాలి. ఖాళీ సిలిండర్ బరువు దాని పైభాగాన పెయింట్‌తో రాసి ఉంటుంది. ఆ రెండూ కలిపితే ఎంతో అంత తూగాలి. తూచి చూపించమని అడగడం నీ హక్కు, డెలివరీ అబ్బాయి దగ్గర తూచే సాధనం ఉండాలి. మొహమాటపడకు, నవ్వుతూ అడుగు. సిలిండర్ పెట్టిన తేదీ కూడా క్యాలెండర్ మీద వెయ్యి. ఎన్ని రోజులు వచ్చిందో తెలిస్తేనే వచ్చేసారి ఎక్కువ రోజులు రప్పించగలవు. కందిపప్పు అరగంట నానబెట్టి, అన్నం, పప్పు గిన్నెలు ఒకే కుక్కర్‌లో పెట్టు. విజిల్ వచ్చాక సెగ తగ్గించు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలగిన్నెని తిన్నగా పొయ్యి మీద పెట్టకు, కాసేపు బయట ఉంచు. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకి తిరిగి గిన్నెల అడుగులు మసిబారుతుంటే బర్నర్ రంధ్రాలు పూడాయని అర్థం. పిన్నీసుతో శుభ్రం చేసి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు.

బియ్యం కొలిచే గ్లాసు ఒకటే ఉంచుకో. మీ అమ్మమ్మ సోలతో కొలిచేది, ఇంట్లో మనుషులెందరో సోల లెక్క అంత. మీకు రోజుకో గ్లాసు, రోజుకో చెయ్యి కొలత కాబట్టే అన్నం మిగిలిపోతుంది. మిగిలితే పారేయకు. పొద్దున్నకి పులిహోర కలుపు, లేదా రాత్రే మజ్జిగ పోసి ఉంచితే వేసవిలో చద్దన్నానికి మించిన టిఫిన్ లేదు.

సూపర్‌మార్కెట్‌లో పెద్ద ప్యాకెట్ చవకని నమ్మకు. ఎం.ఆర్.పి. దగ్గరే గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ముద్రించి ఉంటుంది. దాన్ని చదివితే రెండు ప్యాకెట్లలో ఏది చవకో తేలిపోతుంది. 'ఆఫర్' అని ఎర్రగా రాసింది మాత్రం ఆఖరున చదువు. నూనె దగ్గర మరీ జాగ్రత్త. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లీటరు ప్యాకెట్‌లా కనిపించే కొన్నింటిలో అంతకన్నా తక్కువే ఉంటుంది. ధర మారలేదని మనం సంతోషిస్తాం, తగ్గింది బరువు. బిస్కెట్లు, సబ్బుల్లోనూ ఇదే తంతు. ఇడ్లీ పిండి ప్యాకెట్ తరచూ కొంటున్నావట. అందులో సగానికి పైగా ఉండేది నీళ్లే తల్లీ. ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ ఆదివారం నానబెట్టి రుబ్బుకుంటే మూడు పూటలకి వస్తుంది. ఓపిక లేని వారం ప్యాకెట్టే కొనుక్కో, తప్పేం లేదు. ప్రతి వారం ఓపిక లేకపోవడమే ఖర్చు.

కూరగాయలకి మీ కూకట్‌పల్లిలోనే రైతుబజారు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న ఈ రైతుబజార్లు మొదలయ్యాయి. మధ్యలో దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలని పెట్టారు. ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. కొనకపోయినా ఆ బోర్డు ఫోటో తీసుకో, వారమంతా వీధిలో, యాప్‌లో ధర సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ధర కన్నా కాలం ముఖ్యం. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లోనే టమాటా కిలో 150 దాటింది. అదే మదనపల్లెలో ధర పడిపోయిన రోజుల్లో రైతులు రోడ్డు పక్కన పారబోసి వెళ్లిపోవడమూ మనం చూశాం. టమాటా మండిపోతుంటే మన వంటకి ఇబ్బందేముంది? పులుపుకి గోంగూర ఉంది, చుక్కకూర ఉంది, వేసవిలో చింతచిగురు, పచ్చిమామిడి ఉన్నాయి, ఏడాది పొడుగునా చింతపండు ఉంది. టమాటా లేకుండా పప్పు వండని ఇల్లు తెలుగు వంట సగం మర్చిపోయినట్టే. ఏడాది సరుకు కూడా కాలం చూసి కొను. కొత్త కందులు సంక్రాంతి దాటాక దిగుతాయి. కొత్త చింతపండు, గుంటూరు యార్డుకి కొత్త మిర్చి వేసవి ముందు వస్తాయి. అప్పుడు ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లో పొయ్యి. ఎండుమిర్చి నీకు ఇక్కణ్ణుంచి నేనే పంపిస్తాను.

కాటా దగ్గర నిలబడేటప్పుడు మూడు సంగతులు చూడు. సరుకు పెట్టకముందు అంకె సున్నా ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి మా శాఖ ముద్ర పడాలి. మూడోది మిఠాయి దుకాణం సంగతి. అట్టపెట్టెతో సహా తూచి, ఆ పెట్టెని కూడా కాజు బర్ఫీ ధరకి అమ్మేస్తారు. పెట్టె బరువు తీసేసి తూచమని అడుగు. పెట్రోలు బంకులో అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనొచ్చు. కూలింగ్ చార్జీ అంటూ ఎం.ఆర్.పి. మీద రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి.

ప్రయాణం సంగతి చెబితే నీకు కోపం వస్తుందేమో. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి అక్కడి చిరునామా ఉన్న ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు, జీరో టికెట్ ఇస్తారు. నీ ఆధార్‌లో ఇంకా తెనాలి చిరునామానే ఉంది కాబట్టి అది నీకు వర్తించట్లేదు. మీరు అక్కడే స్థిరపడ్డారు కదా, అద్దె ఒప్పందం కాగితంతో చిరునామా మార్పించుకో. వానొచ్చినా, రాత్రి ఆలస్యమైనా ఆటోలోనే రా, అక్కడ పొదుపు చూడకు. మిగతా రోజులు బస్సెక్కు.

మీ అత్తగారికి బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా కొంటున్నారు కదా. జన ఔషధి దుకాణాల్లో అవే మందులు బ్రాండు పేరు లేకుండా, మందు పేరుతో చాలా తక్కువ ధరకి దొరుకుతాయి. డాక్టరు గారిని మందు పేరు రాసివ్వమని అడగండి, ఆయన సరేనన్నాకే మార్చండి. క్రెడిట్ కార్డు బిల్లు విషయంలో ఒక్క మాట. 'మినిమం డ్యూ' కట్టి ఊరుకుంటే చాలా కార్డుల్లో మిగిలిన బాకీ మీద నూటికి నెలకి మూడు రూపాయల పైనే వడ్డీ పడుతుంది. మన ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా ఆ రేటు అడగడానికి జంకుతాడు.

ఇన్ని చెప్పాను కదా అని అన్నిచోట్లా గీసి గీసి బేరమాడకు. పాలు, పప్పు, పళ్లు, గుడ్లు తగ్గించి మిగిల్చింది డాక్టరుకే పోతుంది. పనమ్మాయి జీతం కోసి, గంపలో ఆకుకూర తెచ్చే ముసలమ్మ దగ్గర రెండు రూపాయలు పీకి చేసేది పొదుపు కాదు. మన భారాన్ని మనకన్నా లేనివాళ్ల మీదికి తోయడం అది. నా సర్వీసంతా తూకంలో మోసాన్ని పట్టుకున్నాను కానీ చిన్న వర్తకుడి ధర మీద ఎప్పుడూ పోట్లాడలేదు. తూకం సరిగా ఉందా, అడిగిన ధర ఇచ్చి రా.

అన్నీ ఒక్కసారి మొదలుపెడితే పది రోజుల్లో విసుగొచ్చి మానేస్తారు. ఈ నెల మూడే చెయ్యండి. మీటర్ రీడింగ్ రెండుసార్లు రాయండి, గ్యాస్ పెట్టిన తేదీ వెయ్యండి, వెచ్చాల చీటీలన్నీ ఒక కవర్లో దాచండి. పద్దులు నువ్వొక్కదానివే రాయకు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఒకరు ఖర్చుపెడుతూ ఒకరు లెక్క రాసే ఇంట్లో డబ్బు మిగలదు, గొడవ మిగులుతుంది. మిగిలిన మొత్తం ఎంత చిన్నదైనా జీతాలు పడిన రోజునే రికరింగ్ డిపాజిట్‌కి వెళ్లిపోయేలా బ్యాంకులో చెప్పి పెట్టండి. నెలాఖరుకి మిగిలితే దాద్దామనుకున్న డబ్బు ఏ ఇంట్లోనూ మిగలలేదు.

వచ్చే నెల ఆ కవరు, రీడింగులు ఫోటో తీసి పంపు. ఇద్దరం కలిసి లెక్క చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య