మల్బరీ నారుకు యూరియా ఎప్పుడు? ఎంత?



నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు మృగశిర వానలకు మల్బరీ తోట పెట్టాలనుకునేవాళ్లు ఫిబ్రవరి నెలాఖరుకల్లా నారు పోసుకోవాలి. కటింగ్ నాటిన 90 నుంచి 120 రోజులకు నారు తయారవుతుంది. ఈసారి ఆ నారుకు ఎరువు ఎలా వేయాలో చూద్దాం.

ముందు లెక్క చూసుకుందాం. 5×3×2 అడుగుల జంట సాళ్లలో ఎకరానికి 5,445 మొక్కలు పడతాయి. కొన్ని చనిపోతాయి కాబట్టి 6,600 కటింగ్స్ నాటుకోవాలి. 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న మడిలో వరుసకూ వరుసకూ 20 సెం.మీ., ముక్కకూ ముక్కకూ 8 సెం.మీ. పెడితే సుమారు 220 పడతాయి. అంటే ఎకరం తోటకు 30 మడులు చాలు.

*నాటే ముందు:* మడికి 20 కిలోల మాగిన పశువుల ఎరువు వేసి కలపాలి. పచ్చి పేడ వద్దు, చెదలు పడతాయి. మనవి నల్లరేగడి నేలలు కాబట్టి కాస్త ఇసుక కూడా కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది, వేళ్లు బాగా దిగుతాయి. కిలో అజోస్పైరిల్లం 40 లీటర్ల నీళ్లలో కలిపి, కటింగ్స్ అడుగు భాగం అరగంట ముంచి నాటుకోవాలి.

*మొదటి 55 రోజులు:* యూరియా వేయొద్దు. మొగ్గ విచ్చుకుని ఆకులు రాగానే 'మొక్క బతికింది, ఇక ఎరువు వేద్దాం' అనిపిస్తుంది. కానీ ఆ తొలి ఆకులు ముక్కలో దాచుకున్న తిండితోనే వస్తాయి. లోపల వేళ్లు ఇంకా సరిగా రావు. వేరు లేని మొక్క ఎరువు తీసుకోలేదు, పైగా అప్పుడే పుట్టే లేత వేళ్లు మాడిపోతాయి. అప్పటిదాకా నీళ్లు, కలుపు చూసుకుంటే చాలు.

*55–60 రోజుల మధ్య:* కలుపు తీశాక మడికి 500 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ గానీ, 230 గ్రాముల యూరియా గానీ వరుసల మధ్య వేసి వెంటనే నీళ్లు పెట్టాలి. రెండింటిలోనూ నత్రజని దాదాపు సమానం, సుమారు 105 గ్రాములు. అది ఏప్రిల్ నెలాఖరు, ఎండ మండిపోయే కాలం. సాయంత్రం పూటే వేయండి. ఆకుల మీద పడనీయకండి.

30 మడులకూ కలిపి యూరియా 7 కిలోలే. 45 కిలోల బస్తా కొన్నాం కదా అని మిగిలింది కూడా చల్లొద్దు. నత్రజని ఎక్కువైతే నారు ఏపుగా, పచ్చగా కనిపిస్తుంది గానీ కాండం మెత్తగా ఉంటుంది. తోటలో నాటాక నాలుగు రోజులు వాన ముఖం చాటేస్తే అలాంటి మొక్కే ముందు వాడిపోతుంది.

*ఆకులు పసుపు పడితే:* ఏ ఆకులో ముందు చూడండి. కింది ముదురాకులు పసుపైతే నత్రజని తక్కువైనట్టు. కొస లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నల్లనేలల్లో ఇది మామూలే. దీనికి యూరియా పనిచేయదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

*పీకే ముందు:* చివరి పది పదిహేను రోజులు నీళ్లు కాస్త తగ్గిస్తే కాండం గట్టిపడుతుంది. పీకే ముందు రోజు మాత్రం మడి బాగా తడపాలి, లేదంటే వేళ్లు తెగుతాయి.

ఒకసారి నాటిన తోట పదిహేనేళ్లు మేత పెట్టాలి. పురుగు తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటుంది. తోటలో ఖాళీలుంటే ఆకు కొరత తెలిసేది సరిగ్గా ఆ వారంలోనే. అప్పుడు పొరుగూళ్లో ఆకు కొనుక్కునే కన్నా, ఇప్పుడు నారుమడి దగ్గర తక్కెడ పట్టుకోవడం మేలు.