వెనక బెంచీ వీలునామా: చేయవలసినవి - చేయకూడనివి

ఫిబ్రవరి వచ్చిందంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు స్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి ప్రీఫైనల్ పరీక్షలు, రెండోది ఫేర్‌వెల్ చందాలు. పదో తరగతికి తొమ్మిదో తరగతి వాళ్లు, సెకండియర్‌కు ఫస్టియర్ వాళ్లు పార్టీ ఇస్తారు. అన్నలకూ అక్కలకూ ‘టైటిల్స్’ ప్రకటిస్తారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే అన్నకు ‘లాస్ట్ బెల్ హీరో’, ఎవరడిగినా పెన్ను ఇచ్చే అక్కకు ‘పెన్నుల పెన్నిధి’. పోతూ పోతూ సీనియర్లు కూడా ఊరికే ఉండరు. మైకు పట్టుకుని తమ ఆస్తిపాస్తులన్నీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పంచేస్తారు.

అమెరికా హైస్కూళ్లలో ఇది పాత ఆచారం. చదువు ముగించే తరగతి ఒక ఉత్తుత్తి వీలునామా రాసి, దాన్ని సభలో చదువుతుంది, ఇయర్‌బుక్‌లో అచ్చేసుకుంటుంది. మన దగ్గర ఇయర్‌బుక్ లేకపోయినా ఆటోగ్రాఫ్ పుస్తకం ఉంది, స్లామ్ బుక్ ఉంది, అన్నిటికంటే ముందు వాట్సాప్ గ్రూపు ఉంది. మన వైపు రాస్తే ఎలా ఉంటుందో మచ్చుకు కొన్ని:

“కిటికీ పక్క బెంచీలో నా స్థలాన్ని, దాని కింద మూడేళ్లుగా అంటించిన బబుల్‌గమ్‌తో సహా, తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కు రాసిస్తున్నాను. గీకే ఖర్చులు వారసుడివే.”

“లెక్కల సారు ప్రశ్న అడిగినప్పుడు పెన్ను కింద పడేసుకుని వంగే విద్యను తమ్ముడికి ధారపోస్తున్నాను. సారుకు ఈ విద్య ముందే తెలుసు, జాగ్రత్త.”

“సాల్ట్ ఏదిచ్చినా అమ్మోనియం క్లోరైడే అయి ఉంటుందన్న నా నమ్మకాన్ని కెమిస్ట్రీ ల్యాబ్‌కే వదిలేస్తున్నాను. నన్ను రెండుసార్లు ముంచింది.”

మూడూ నవ్విస్తాయి, మూడింటిలోనూ ఎవరికీ దెబ్బ తగలదు. ఎందుకంటే జోకు రాసినవాడి మీదే పడింది. ఈ వ్యాసంలో చెప్పబోయే జాగ్రత్తల్లో సగం ఇక్కడే ఉంది.

భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం మైనరు రాసిన వీలునామా చెల్లదు. మేజరు రాసినా ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. కాబట్టి పదో తరగతి పిల్లలు రాసేది కోర్టులో ఎలాగూ నిలవదు, పైగా అందులో పంచే బెంచీ సర్కారుది. అయితే అదే కాగితంలో ఒక పిల్లను నలుగురిలో అవమానిస్తే, ఆ వాక్యానికి మాత్రం చట్టం ముందు జవాబు చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. ఒక విద్యార్థికి అవమానం, చికాకు, భయం కలిగించే పనిని, కలిగించగల పనిని కూడా అది ర్యాగింగ్ కిందే లెక్కిస్తుంది. కేవలం ఆటపట్టించి సిగ్గుపడేలా చేసినందుకే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘సరదాకు అన్నాం సార్’ అన్న మాట అక్కడ పెద్దగా పనికిరాదు.

రాసేటప్పుడు

ముందు చేయవలసినవి. మీ గురించి మీరు రాసుకోండి. మీ బద్ధకం, మీ చేతిరాత, స్టేజీ ఎక్కితే వచ్చే మీ వణుకు, మీ టిఫిన్ బాక్సులో రోజూ ఉండే పులిహోర. వస్తువుల గురించి రాయండి: తిరగని ఫ్యాను, నీళ్లు రాని కొళాయి, ఎప్పుడూ ఒకే పక్కకు వాలే గోల్‌పోస్టు. ఇవి ఎవరినీ నొప్పించవు. హెడ్‌మాస్టరు చెవిలో పడితే కొళాయి బాగుపడినా పడవచ్చు.

ఒకరి పేరు రాయాల్సి వస్తే ముందురోజే ఆ పిల్లవాడికో పిల్లకో చూపించండి. ‘ఇది తీసేయన్నా’ అంటే తీసేయండి. కారణం అడగవద్దు, బుజ్జగించవద్దు, ‘ఇంత సెన్సిటివ్ అయితే ఎట్లప్పా’ అని ఎగతాళి చేయవద్దు. వద్దనే హక్కు లేనివాడికి ఇచ్చేది బహుమతి కాదు, శిక్ష.

కాగితాన్ని ఇద్దరు చదవాలి. ఒకరు టీచరు. రెండోవారు రాసిన ముఠాలో లేని విద్యార్థి. టీచరుకు తెలియని లోపలి జోకులు ఆ విద్యార్థికి తెలుస్తాయి. ‘సెకండ్ షో’ అన్న టైటిల్ వెనక ఎవరి మీద ఏ కథ నడుస్తోందో స్టాఫ్‌రూమ్‌కు ఎన్నటికీ తెలియదు, వెనక బెంచీకి తెలుసు.

ఇక చేయకూడనివి. ఒంటి రంగు, బరువు, ఎత్తు, మొటిమలు, నత్తి, కళ్లద్దాలు - వీటి జోలికి పోవద్దు. పోయిన మార్కుల ప్రస్తావన వద్దు, ముఖ్యంగా పబ్లిక్ పరీక్షలకు పది రోజుల ముందు. ‘ఈసారి కూడా సప్లిమెంటరీలో కలుద్దాం’ అన్న జోకు విని పైకి నవ్వేవాడు రాత్రికి ఏమవుతాడో ఎవరికీ తెలియదు. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడం హింసేనని జీవితాంతం చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. టైటిళ్ల జాబితా తయారుచేసే కమిటీకి ఆ సంగతి ఒకసారి గుర్తుచేయడం మంచిదే.

కులం గురించి వేరే చెప్పాలా? చెప్పాలి. నేరుగా ఎవరూ రాయరు. ఇంటి పని పేరుతో, వీధి పేరుతో, హాస్టల్ పేరుతో రాస్తారు. మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్లు మోసే తండ్రి ఉన్న పిల్లవాడికి ‘క్రేటు కింగ్’ అని పేరు పెడితే, పెట్టినవాడికి అది ప్రాస, విన్నవాడికి అది నాన్న. ఆ తేడా తెలియకపోతే పెన్ను పక్కన పెట్టండి.

కుప్పంలో ఇంకొకటి ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టి ఒకే బెంచీలో ఇంట్లో తమిళం మాట్లాడేవాడూ, కన్నడం మాట్లాడేవాడూ, తెలుగు మాట్లాడేవాడూ కూర్చుంటారు. ‘మచ్చా’ అని పిలుచుకోవడం స్నేహం. మైకులో ఒకడి యాసను పట్టుకుని వెక్కిరించడం స్నేహం కాదు. డిగ్రీ, ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీలకు వర్తించే యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు 2009లో వచ్చాయి. కులం, మతం, రంగు, రూపం, ప్రాంతం, మాతృభాష, పుట్టిన ఊరు ఆధారంగా చేసే శారీరక, మానసిక వేధింపును 2016 సవరణ ర్యాగింగ్‌గా స్పష్టంగా పేర్కొంది. జూనియర్ కాలేజీలో అలవాటు చేసుకున్న జోకు ద్రావిడ విశ్వవిద్యాలయం గేటు దాటాక కేసు కావచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైన జోకు, దురదృష్టవశాత్తు అన్నిటికంటే ఎక్కువ ఈలలు పడే జోకు, ఒక అబ్బాయి పేరునూ ఒక అమ్మాయి పేరునూ కలపడం. ‘నా బస్ స్టాపును ఫలానా వాళ్లిద్దరికీ రాసిస్తున్నాను’ అంటారు. హాలంతా అరుస్తుంది. చిన్న ఊళ్లలో ఆ అరుపు సాయంత్రం ఆరింటికల్లా అమ్మాయి ఇంటికి చేరుతుంది. ఆమెకు ఆ అబ్బాయి ఎవరో సరిగ్గా తెలియకపోయినా సరే, ‘ఇక చదివింది చాలు’ అనే మాట ఆ రాత్రి ఇంట్లో వినబడవచ్చు. అబ్బాయికి అది టైటిల్, అమ్మాయికి అది టీసీ. కాబట్టి పేర్లు కలపవద్దు, పేర్లు చెప్పకుండా సైగలతో కూడా కలపవద్దు. యాంకరు అలా మొదలుపెడితే టీచరు లేచి మైకు తీసుకోవాలి. ముఖం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకోవడం కాదు.

నిజంగా ఇచ్చేవి

కొందరు కాగితంతో ఆగరు, నిజం వస్తువులే ఇస్తారు. టెక్స్ట్ పుస్తకాలు, ఆన్సర్లు రాసుకున్న నోట్సు, ల్యాబ్ కోటు, పని చేసే క్యాలిక్యులేటర్, బ్రేకులున్న సైకిలు ఇవ్వండి. చీటీలు ఇవ్వవద్దు. ‘మా అన్న దాచిన బిట్లు’ తమ్ముడి జేబులో దొరికితే డిబార్ అయ్యేది తమ్ముడే. ల్యాబ్ నుంచి ఏదీ, గుర్తుగా అయినా, తీసుకుపోవద్దు. సోడియం ముక్క జ్ఞాపిక కాదు.

బైకు తాళం చేతిలో పెట్టి ‘ఈ రోజుకు నీదేరా’ అనడం కూడా ఇలాంటిదే. మైనరు నడిపి పట్టుబడితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం తల్లిదండ్రులనూ బండి యజమానినీ పట్టుకుంటుంది: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు కూడా ఇవ్వరు. అంత ఖరీదైన వారసత్వం మన వైపు జమీందార్లు కూడా వదిలి ఉండరు.

పోతూ ఏదైనా వదిలిపోవాలన్న కోరిక మాత్రం మంచిదే. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీటీ కాలేజీకి వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ తన జనగణమనను ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చి కాలేజీకి ఇచ్చి వెళ్లారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. కొన్ని రోజులున్న అతిథి అది వదిలిపోగలిగితే, రెండేళ్లున్న మీరు కనీసం లైబ్రరీకి ఒక గైడు వదలవచ్చు.

హాలులో

ఇక్కడ క్లుప్తంగా. స్నో స్ప్రే డబ్బాలో ఉండేది మండే వాయువు. కేకు మీద కొవ్వొత్తి వెలుగుతుండగా కొట్టారో, ముఖం కాలుతుంది. రెండూ ఒకే గదిలో వద్దు. గ్యాసు బెలూన్లలో చాలాచోట్ల నింపేది హైడ్రోజన్; గుత్తిగా కట్టిన బెలూన్లు దీపం దగ్గర, సిగరెట్ దగ్గర పేలతాయి. నోటితో ఊదినవి చాలు. కొబ్బరాకు పందిరి కింద దీపాలు, టపాసులు పెట్టవద్దు. 2004లో కుంభకోణం స్కూలు పైకప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. హాలుకు రెండు తలుపులుంటే రెండూ తెరిచి ఉంచాలి. రెండో తలుపుకు స్టేజీ బ్యానరు కట్టడం మన వాళ్లకు బాగా అలవాటు.

ఫోన్ల విషయంలో ఒక్క నియమం పెట్టుకోండి. వీలునామా చదువుతున్నప్పుడు వీడియో తీయకూడదు. జోకు హాలులో ఉన్నప్పుడు అది తెలిసినవాళ్ల మధ్య ఉంటుంది. ఇన్‌స్టాలో పడ్డాక ఎవరి చేతికి పోతుందో రాసినవాడికే తెలియదు. ఫోటోలకు వేరే సమయం ఇవ్వండి, ఎన్నయినా దిగండి.

పార్టీ అయ్యాక

అసలు ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే. హాలులో టీచర్లుంటారు, బయట ఉండరు.

మదనపల్లె పిల్లలకు హార్స్‌లీ హిల్స్ దగ్గరే కాబట్టి ‘లాస్ట్ రైడ్’ అంటూ బైకుల మీద గుంపుగా బయలుదేరుతారు. నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తున్న కొండ, మలుపుల ఘాట్ రోడ్డు, ఎదురుగా టూరిస్టు కార్లు. ముగ్గురు ఎక్కిన బండికి దిగేటప్పుడు బ్రేకులు నిలవవు. వెళ్లాలనుకుంటే బస్సు మాట్లాడుకోండి, టీచరును పిలవండి. టీచరు వస్తే మజా ఉండదనుకుంటే ఆ మజా ఎలాంటిదో మీకే తెలిసినట్టు లెక్క.

పుంగనూరు, కుప్పం వైపు హంద్రీ-నీవా బ్రాంచి కాలువలు ఉన్నాయి. 2025 ఆగస్టులో కుప్పం దాకా నీళ్లొచ్చాయి. ఏళ్ల తరబడి వట్టిగా చూసిన కాలువలో నీళ్లు కనబడితే దూకాలనిపించడం సహజం. కానీ సిమెంటు చేసిన కాలువ గట్టు ఏటవాలుగా, నాచుతో జారుతుంది. దిగినవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. గ్రానైటు క్వారీ గుంతలు ఇంకా మోసం, అంచు దాటితే నేరుగా లోతే. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకవద్దు. చున్నీ, తాడు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరి, కేకలు వేసి, 112కు ఫోన్ చేయండి. ఒకరి వెంట ఒకరు దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు వేసవిలో మనం చదువుతూనే ఉంటాం.

కుప్పం స్టేషన్ పక్క పట్టాల మీద గ్రూప్ ఫోటో వద్దు. అది బెంగళూరు - జోలార్‌పేట లైను, రైళ్లు తరచుగా వస్తాయి.

మరొకటి, ఇది మన వైపు పిల్లలకే చెప్పాల్సింది. కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు కుప్పం, రామకుప్పం, వీకోట వైపు పొలాల్లోకి దిగుతాయి, ఎక్కువగా చీకటి పడ్డాక. రాత్రి తొమ్మిదికి ఫేర్‌వెల్ ముగించి పల్లెలకు బండ్ల మీద పంపితే ఆ దారుల్లోకే పంపినట్టు. ఏనుగు కనబడితే దూరంగానే ఆగి వెనక్కి తిరగండి. హారను కొట్టవద్దు, ఫ్లాష్ వేసి ఫోటో తీయవద్దు, రాళ్లు రువ్వవద్దు.

హెడ్‌మాస్టర్లకు, ప్రిన్సిపాళ్లకు ఒక మనవి: కార్యక్రమం మధ్యాహ్నం మొదలుపెట్టి, పల్లె బస్సులు పోయేలోగా ముగించండి. ఆడపిల్లలు ఎవరితో ఇంటికి వెళ్తున్నారో రాసి పెట్టుకోండి. హాల్ టికెట్లు అదే రోజు పంచవద్దు. రంగులు, ఇంకు, కేకు మధ్య పోయేది మొదట అవే.

ఆ రోజు జోకు ఎవరి మనసునైనా గాయపరిస్తే, దాచుకోకుండా ఇష్టమైన టీచరుకో ఇంట్లోవాళ్లకో చెప్పమని పిల్లలకు ముందే చెప్పండి. 18 ఏళ్లలోపు వారికి 1098, కాలేజీల్లో ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522, గాయాలైతే 108. ఈ మూడు నంబర్లూ ఫేర్‌వెల్ బ్యానరు కింది వరుసలో అచ్చు వేయించండి.