ల్యాబు పాఠం: పెంకు గల అమీబాను గుర్తుపట్టుట

చెరువు నీటి బొట్టును మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కోసారి గోధుమ రంగు బిళ్ల వంటిది కనబడుతుంది. అది ఆర్సెల్లా వల్గారిస్ అనే పెంకు గల అమీబా. దీనిని మేము ఇలా గుర్తుపడతాము.

1. పైనుండి చూస్తే పెంకు గుండ్రంగా, నడుమ గుండ్రని రంధ్రంతో ఉంటుంది.
2. పక్కకు దొర్లితే బోర్లించిన గిన్నెలా ఉంటుంది.
3. రంధ్రం గుండా వేళ్ల వంటి మిథ్యాపాదాలు బయటికి వస్తాయి.
4. పెంకుకు ఇసుక రేణువులు అతికి ఉంటే అది ఆర్సెల్లా కాదు, డిఫ్లూజియా కావచ్చు.

ఆర్సెల్లా మనుషులకు జబ్బు చేయదు. రక్త విరేచనాలు కలిగించే ఎంటమీబా హిస్టోలిటికాకు ఇలాంటి పెంకు ఉండదు. దాని సిస్టు 10 నుండి 20 మైక్రాన్లే. ఆర్సెల్లా వల్గారిస్ పెంకు సుమారు 100 మైక్రాన్లు, అంతకు మించి కూడా ఉంటుంది.

మల పరీక్షకు పొడిగా ఉన్న శుభ్రమైన డబ్బానే తెమ్మని మేము చెప్పేది ఇందుకే. చెరువు నీరు కలిస్తే బయటి జీవులు చేరతాయి. కదిలే దశలోని జబ్బు అమీబా నశించి కంటపడదు. అప్పుడు రోగికి సరైన మందు అందదు.

హాని లేని ఆర్సెల్లా కనబడినంత మాత్రాన ఆ నీరు మంచిదని అనుకోవద్దు. మామూలుగా కలిపే క్లోరిన్‌కు జబ్బు సిస్టులు చావవు. నీటిని మరగకాచి, చల్లార్చి త్రాగండి. దేవుడు మిమ్మును ఆరోగ్యముతో దీవించును గాక.