నాట్యహంస అన్నా పావ్లోవా

బ్యాలే ఐరోపా దేశాల నృత్యరూపం. అందులో మాటలుండవు. సంగీతానికి అనుగుణమైన అంగవిన్యాసంతోనే కథ నడుస్తుంది. ఆ కళకు విశ్వవిఖ్యాతి తెచ్చిన నర్తకి అన్నా పావ్లోవా.

ఆమె 1881 ఫిబ్రవరి 12న, నాటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించింది. తల్లి బట్టలు ఉతికి జీవనం సాగించే నిరుపేదరాలు. నెలలు నిండకముందే పుట్టినందువల్ల పావ్లోవా బాల్యంలో తరచు అనారోగ్యానికి గురయ్యేది. ఒకనాడు తల్లి ఆమెను మారిన్‌స్కీ రంగశాలకు తీసుకొనిపోయి ‘నిద్రిత సుందరి’ బ్యాలేను చూపించింది. నర్తకి కావాలన్న సంకల్పం ఆ బాలిక హృదయంలో ఆనాడే నాటుకొన్నది. రాజాస్థాన నృత్యపాఠశాల వయస్సు చాలదని మొదట నిరాకరించినా, 1891లో ఆమెకు ప్రవేశం లభించింది.

ఆ రోజులలో దృఢమైన శరీరంతో సుడులు తిరిగే ఇటలీ నర్తకీమణులకే ఆదరణ ఎక్కువ. పావ్లోవా కృశాంగి. తోటి బాలికలు ఆమెను ‘చీపురు’ అని గేలిచేసేవారు. ఇతరుల విన్యాసాలను అనుకరించవద్దనీ, సౌకుమార్యమే ఆమె బలమనీ గురువు గెర్డ్ట్ బోధించాడు. 1899లో మారిన్‌స్కీ బృందంలో చేరిన ఆమె 1906 నాటికి ప్రధాన నర్తకి అయింది. పాదాల రక్షణకై పాదరక్షల అడుగున గట్టి తోలు అమర్చుకోగా, కొందరు అది మోసమన్నారు. తరువాతి కాలపు నర్తకీమణులందరూ అటువంటి ఆధారంతోనే నర్తించారు!

ఆమె కీర్తికి మూలం ‘మరణించే హంస’. సాఁ సాన్స్ సంగీతానికి ఫోకిన్ కూర్చిన ఈ నృత్యం నిడివి కొద్ది నిమిషాలే. 1907లో తొలిసారి ప్రదర్శితమైంది. ఇందులో కథ అంటూ లేదు. గాయపడిన హంస చివరిసారిగా ఎగరబోతుంది, రెక్కలు సహకరించవు, మెల్లగా నేలకు ఒరుగుతుంది. ఆ రెక్కల వేదనను పావ్లోవా బాహువులే పలికించేవి. మన లాక్షణికులు చెప్పిన ఆంగికాభినయం ఇదే కదా! నలుని చేతికి చిక్కి విలపించిన హంసను శృంగార నైషధంలో చదివినవారికి ఈ కరుణరసం అపరిచితం కాదు.

1912లో ఆమె లండన్‌లో ఇల్లు కొని, అక్కడి కొలనులో హంసలను పెంచింది. 1917 విప్లవం తరువాత స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. సొంత బృందంతో ఖండఖండాంతరాలు పర్యటించింది.

1922లో ఆమె భారతదేశానికి వచ్చింది. అజంతా చిత్రాలు ఆమెను ఆకర్షించాయి. లండన్‌లో చిత్రకళ అభ్యసిస్తున్న ఉదయశంకర్‌ను చేరదీసి, 1923లో ‘రాధాకృష్ణ’ నృత్యంలో అతడు కృష్ణుడు కాగా తాను రాధగా నర్తించింది. 1928–29లో మరల వచ్చినప్పుడు రుక్మిణీదేవి అరండేల్‌తో స్నేహం కుదిరింది. రుక్మిణీదేవి ఆమె బృందంలోని క్లియో నోర్డి వద్ద బ్యాలే అభ్యసించింది. అయితే స్వదేశ నృత్యంపై దృష్టి నిలపమని పావ్లోవా ఆమెకు ఉద్బోధించింది. దేవదాసీల నాట్యాన్ని విద్యావంతులే ఈసడించుకొంటున్న కాలమది! రుక్మిణీదేవి పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై వద్ద శిక్షణ పొంది, 1936లో మద్రాసులో కళాక్షేత్రను స్థాపించింది.

ఈ ఖ్యాతినంతా పావ్లోవాకు అంటగట్టడం న్యాయం కాదు. ఆ నాట్యాన్ని తరతరాలుగా కాపాడినవారు నట్టువనారులు, దేవదాసీ కుటుంబాల స్త్రీలు. మన క్షేత్రయ్య పదాలు అభినయంలో నిలిచింది కూడా వారి వల్లనే. విస్మృతికి లోనవుతున్న నిధిని ఒక పరదేశి వేలెత్తి చూపింది. అంతవరకే ఆమె పాత్ర.

1931 జనవరి 23న హాలెండులోని హేగ్ నగరంలో ఊపిరితిత్తుల వ్యాధితో పావ్లోవా మరణించింది. యాభై ఏళ్ళు నిండడానికి మూడు వారాలే మిగిలి ఉన్నాయి. కొద్ది రోజులకే లండన్‌లోని ఒక రంగశాలలో వాద్యబృందం ‘హంస’ సంగీతాన్ని ఆలపించింది. తెర లేచింది. వేదికపై దీపకాంతి తప్ప ఎవరూ లేరు. ప్రేక్షకులందరూ నిశ్శబ్దంగా లేచి నిలుచున్నారు.